జబ్బా, మందా, ఒళ్లా?

సికింద్రాబాద్‌లో ఇద్దరు ఆటోవాళ్లు పోట్లాడుకుంటే మూడో మాటకు "ఎర్రగడ్డల ఉండాల్సినోడివి" అనేస్తారు. ఎర్రగడ్డలో రైతుబజారు ఉంది, ఛాతీ ఆసుపత్రి ఉంది. అయినా ఆ పేరు వినగానే జనానికి గుర్తొచ్చేది మానసిక వైద్యశాలే. అది పుట్టింది ఎర్రగడ్డలో కాదు. ఒకప్పుడు నిజాం రాజ్యంలో భాగమైన జాల్నాలో ఉండేది, 1953లో ఇక్కడికి తరలించారు. ఇప్పుడు బోర్డు మీద ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ అని ఉంటుంది. తిట్టు మాత్రం పాత పేరుతోనే నడుస్తోంది.

నేను పనిచేసింది అక్కడ కాదు. సికింద్రాబాద్‌లోనే ఒక జనరల్ ఆసుపత్రిలో, సైకియాట్రీ వార్డులో. ఆసుపత్రి పేరు రాయను. కింద చెప్పే మనుషుల గుర్తులు కూడా మార్చేశాను. వారాసిగూడలో మా ఇంటి పక్కవాళ్లు నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు, "అంతమంది పిచ్చోళ్ల మధ్య భయం కాలేదా సిస్టర్?" అని. సినిమాల పుణ్యం. మన సినిమాల్లో ఆ వార్డు నర్సు చేతిలో ఎప్పుడూ బారెడు సిరంజి, వెనక ఇద్దరు వస్తాదులు. నా చేతిలో ఎక్కువకాలం ఉన్నది టార్చిలైటు. పడుకున్నవాళ్ల ఊపిరి చూడటానికి, మాత్ర మింగారా లేక బుగ్గలో దాచారా అని నోట్లోకి చూడటానికి.

డాక్టరుగారికి రౌండ్స్‌లో పేషెంటు పది నిమిషాలు కనిపిస్తాడు. ఆ పది నిమిషాలూ చాలామంది బుద్ధిగానే కూర్చుంటారు. మిగతా పగలూ రాత్రీ మా కళ్లముందు ఉంటారు. ఎన్ని గంటలు నిద్రపోయాడు, అన్నం ఎంత మిగిల్చాడు, స్నానానికి ఎవరైనా చెప్పాల్సి వచ్చిందా, తల్లి వచ్చినప్పుడు ముఖం ఎటు తిప్పుకున్నాడు, గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికిందా... కేస్‌షీట్‌లో మేం రాసేవి ఇలాంటి చిల్లర సంగతులే. కానీ రాత్రి రెండింటికి ఒక మనిషి లేచి కేకలేస్తుంటే, ఇన్‌ఛార్జి డాక్టరుకు ఫోన్ చేసేలోపు నర్సు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంటుంది. ఇది జబ్బు చేస్తున్న పనా, మేమిచ్చిన మందు చేస్తున్న పనా, ఒంట్లో ఇంకేదో తగలబడుతోందా? ఈ మూడూ కాక, మామూలు మనిషికి వచ్చే మామూలు కోపమా? పక్కమంచం వాడు దుప్పటి లాక్కుంటే ఎవరికైనా కోపం వస్తుంది. సైకియాట్రీ వార్డులో ఉన్నవాడికి వస్తే మాత్రం "ఎక్కువైంది" అని రాసేస్తారు.

నన్ను అడిగితే మానసిక రోగులకు జరిగే పెద్ద అన్యాయం ఇదే. ఒకసారి ఆ ముద్ర పడ్డాక వాళ్ల ఒంట్లో ఏ తేడా వచ్చినా మనసు ఖాతాలోనే రాస్తారు. ఇటు ముద్ర లేనివాళ్లు ఒళ్లు చెడి మతి తప్పి మాట్లాడినా సరే, వెంటనే ముద్ర వేసేస్తారు.

రెండోదానికి మా ఊళ్లో అన్నిటికంటే పెద్ద ఉదాహరణ ఆసుపత్రిలో చేరిన మూడో రాత్రి. కాలు విరిగి ఎముకల వార్డులో చేరిన నలభై ఏళ్ల మేస్త్రీ అనుకోండి. మొదటి రోజు నెమ్మదిగానే ఉంటాడు. రెండో రోజు చెమటలు, చేతుల వణుకు. నొప్పి వల్ల అనుకుంటారు. మూడో రాత్రి సెలైన్ పీకేసి, విరిగిన కాలితోనే మంచం దిగబోతాడు. "సిస్టర్, గోడ మీద చీమలే చీమలు. గా పిల్లగాని మీదికి పాకుతున్నయ్ సూడు" అంటాడు. అక్కడ పిల్లాడూ లేడు, చీమా లేదు. అప్పుడు మా వార్డుకు ఫోన్ వస్తుంది: "మీ కేసొకటి మా దగ్గరుంది, తీసుకుపొండి."

అది మా కేసు కాదు. వెళ్లి చూస్తే నాడి పరుగెత్తుతుంటుంది, ఒళ్లు కాలుతుంటుంది. వారాల పేర్లు వెనకనుంచి చెప్పమంటే శనివారం, శుక్రవారం దాకా వచ్చి మళ్లీ చీమల్లోకి వెళ్లిపోతాడు. సాయంత్రానికి ఎక్కువ, పొద్దున కాస్త తక్కువ. స్కిజోఫ్రీనియాలో మనిషి సాధారణంగా తెలివిలోనే ఉంటాడు, ఎక్కువగా గొంతులు వినిపిస్తాయి. ధ్యాస నిలవకుండా, గడియకో రకంగా మారుతూ, లేనివి కళ్లకు కనిపిస్తున్నాయంటే ముందు ఒంటిని అనుమానించాలి. భార్యను పక్కకు పిలిచి అడగాలి. "తాగుతాడా?" అని అడిగితే "లేదు సిస్టర్, కల్లు తప్ప ఏం ముట్టడు" అంటుంది. మా దగ్గర కల్లును తాగుడు లెక్కలో వెయ్యరు. అందుకే నేను "తాగుతాడా" అని అడగడం మానేసి "ఏ కంపౌండ్ కల్లు, రోజుకు ఎన్ని సీసాలు, ఆఖరి సీసా ఎప్పుడు?" అని అడగడం మొదలుపెట్టాను. వెంటనే జవాబు వచ్చేది.

చెట్టు కల్లు సంగతి వేరు. పట్నంలో చాలా దుకాణాల్లో అమ్మింది కల్లు పేరుతో క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, అల్ప్రాజోలామ్ కలిపిన నీళ్లు. ఏళ్లతరబడి ఇవి తాగిన మెదడు వాటికి అలవాటుపడి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే తిరగబడుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పే స్థితి వస్తుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. 2015లో కల్తీ కల్లు మీద ప్రభుత్వం దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రులకు వచ్చింది ఇందుకే. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలన్నీ ఒకేసారి మూతపడితే ఎర్రగడ్డ ఓపీ ముందు వరసలు కట్టింది కూడా ఇందుకే. టీవీలు దాన్ని "మందు దొరక్క పిచ్చెక్కిన జనం" అని నవ్వులాటగా చూపించాయి. నాకు నవ్వు రాలేదు. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయాక ఆ సీసాల్లో ఏముందన్న మాట మళ్లీ పేపర్లకెక్కింది.

ఇలాంటివాడికి కావాల్సింది మంచానికి కట్టే తాడు కాదు. లోరజిపామ్‌లాంటి మందు, నీళ్లు, లవణాలు, గదిలో సన్నటి దీపం, తెలిసిన మనిషి ఒకరు పక్కన. గ్లూకోజ్ ఎక్కించే ముందు విటమిన్ బి1 పడాలి. అది లేకుండా గ్లూకోజ్ పోస్తే, ముందే బి1 అడుగంటిన మెదడు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదముంది. తాగి తాగి తిండి మానేసిన మనిషి కనిపిస్తే నర్సు ఈ వరసను డాక్టరుకు గుర్తుచెయ్యాలి. "నువ్వెవరు నాకు చెప్పడానికి" అనే డాక్టర్లూ ఉంటారు. అయినా చెప్పాలి.

ఒళ్లు చెడితే మనసు చెడినట్లు కనిపించే జబ్బులు ఇంకా చాలా ఉన్నాయి. షుగర్ బాగా పడిపోతే మనిషి తిడతాడు, కొడతాడు. ముసలివాళ్లకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే రాత్రికి రాత్రే కొడుకును గుర్తుపట్టరు. మెదడుకెక్కిన మలేరియా కొందరిలో అచ్చం పిచ్చిలాగే కనిపిస్తుంది. మలేరియాకూ మా ఊరికీ ఓ చుట్టరికం ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది ఇక్కడే, బేగంపేట దగ్గర. మరో ఇరవై ఏళ్లకు వియన్నాలో వాగ్నర్ యావురెగ్ అనే మానసిక వైద్యుడు అదే మలేరియాను రోగులకు కావాలని ఎక్కించాడు. సిఫిలిస్ ముదిరి మతి పోయినవాళ్లకు, జ్వరంతో సిఫిలిస్ క్రిమి చస్తుందని. కొందరు బాగుపడ్డారు, కొందరు జ్వరంతోనే పోయారు. ఆయనకు 1927లో నోబెల్ ఇచ్చారు. పెన్సిలిన్ వచ్చాక ఆ వైద్యం అటకెక్కింది. ఆనాటి పిచ్చాసుపత్రుల మంచాల్లో కొంత భాగాన్ని నింపింది మెదడుకు పాకిన ఆ సిఫిలిస్ క్రిమే.

ఇక మందుల సంగతి. మందులు వద్దనేవాళ్లలో నేను లేను. 1952లో క్లోర్‌ప్రోమజైన్ వచ్చాకే గొలుసులు, గోడలు తగ్గి మనుషులు ఇళ్లకు వెళ్లగలిగారు. కానీ ఆ కోవ మందులకు ఒక గుణం ఉంది. కొందరికి కాళ్లలో నిలవనివ్వని తొందర పుట్టిస్తాయి. కూర్చుంటే లేస్తారు, లేస్తే నడుస్తారు, నిలబెడితే ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి ఊగుతారు. చూసేవాళ్లకు జబ్బు ముదిరినట్లే ఉంటుంది. "ఇంకో ఇంజెక్షన్ వెయ్యండి సిస్టర్" అని ఇంటివాళ్లు బతిమాలతారు. అదే మందు ఇంకో డోసు పడితే తొందర ఇంకా ఎక్కువవుతుంది. ఇక్కడ పనికొచ్చేది ఒక్క ప్రశ్న: "తమ్ముడూ, ఈ గాబరా నీ మనసులోనా, కాళ్లలోనా?" బాగా కలత చెందినవాళ్లు కూడా దీనికి జవాబు చెప్పగలరు. ఓ డిగ్రీ కుర్రాడు "మనసు మంచిగనే ఉందక్కా, కాళ్లే నా మాట వింటలేవు" అన్నాడు. డోసు తగ్గించి, ప్రొప్రనలాల్ అనే చిన్న మాత్ర రాశారు. మర్నాటికి కూర్చుని ఇడ్లీ తిన్నాడు.

ఇంకొకటుంది. మందు మొదలైన తొలిరోజుల్లో, ముఖ్యంగా కుర్రాళ్లకు, మెడ ఒక పక్కకు మెలితిరిగి కళ్లు పైకి పోతాయి. నాలుక బయటికొస్తుంది. ఇంట్లో ఇది జరిగితే నిమ్మకాయలు కోస్తారు, తాయెత్తులు కడతారు. ప్రొమెథజైన్ ఇంజెక్షన్ ఒక్కటి పడితే అరగంటలో మెడ సర్దుకుంటుంది. ఇది చాలావరకు ప్రాణం మీదికి రాదు. కానీ ఒళ్లంతా కర్రలా బిగుసుకుని, తీవ్రమైన జ్వరం, చెమట, అయోమయం కలిసివస్తే మాత్రం ప్రాణాపాయమే. తర్వాతి మాత్ర వెయ్యకుండా పరుగున ఆసుపత్రికి తీసుకురావాలి.

మా ఎండలకు ముడిపడ్డ మందు లిథియం. ఒకసారి పొంగిపోయి ఒకసారి కుంగిపోయే బైపోలార్ జబ్బుకు ఇప్పటికీ దానికి సాటి తక్కువే. ధర కూడా తక్కువ. కానీ దాని హద్దు సన్నం. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీమోల్ దాకా మందు, 1.5 దాటితే విషం. మే నెలలో నలభై రెండు డిగ్రీల ఎండలో మోండా మార్కెట్‌లో మూటలు మోసే మనిషి చెమటతో నీళ్లూ ఉప్పూ పోగొట్టుకుంటే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి సరిగా వదలవు. మాత్ర అదే, మోతాదు అదే, రక్తంలో పాళ్లు పెరుగుతాయి. నడుమునొప్పికి మెడికల్ షాపులో తెచ్చుకున్న ఇబుప్రొఫెన్ కూడా అదే పని చేస్తుంది. విరేచనాలు, వాంతులు, చెయ్యి పెద్దగా వణకడం, తాగినవాడిలా తూలడం, మాట ముద్దగా రావడం. వీటిని చూసి ఇంటివాళ్లు వడదెబ్బ అనుకుంటారు, లేదా మళ్లీ జబ్బు లేచిందనుకుని ఇంకో మాత్ర మింగిస్తారు. ఆ మనిషి రాగానే నేను బీపీ కంటే ముందు అడిగేది ఇవాళ ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లాడని. రంజాన్ ఉపవాసాల ముందు, ఎండాకాలం ముందు లిథియం వాడేవాళ్లు ఓసారి డాక్టర్ను కలిసి రక్తపరీక్ష చేయించుకుంటే ఈ గొడవ చాలావరకు ఉండదు. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం తియ్యాలి. పొద్దున మాత్ర మింగి వచ్చి పరీక్ష ఇస్తే ఆ అంకెతో ఏ పనీ లేదు.

తాయెత్తులంటే గుర్తొచ్చింది. ఆషాఢంలో లష్కర్ బోనాల మర్నాడు ఉజ్జయినీ మహంకాళి గుడిలో రంగం జరుగుతుంది. పచ్చి కుండ మీద నిలబడి ఒకావిడ భవిష్యవాణి చెబుతుంది. ఊరు ఊరంతా చేతులు జోడించి వింటుంది. ఆ వారం వీధుల్లో పూనకం వచ్చినవాళ్లు ఎందరో. ఇది జబ్బా? కాదు. ఆ చోట, ఆ వేళ, అందరూ ఎదురుచూస్తుండగా వచ్చి, వేపమండలతో చల్లబడి వెళ్లిపోయేదాన్ని జబ్బు జాబితాలో వెయ్యకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ కూడా చెబుతుంది. బోనాలు వెళ్లిన నెలకు, వంటింట్లో, ఎవరూ పిలవకుండా, అన్నం నిద్ర మానేసి, బిడ్డను దగ్గరికి రానివ్వకుండా అమ్మవారు పలుకుతోందంటే అప్పుడు ఆలోచించాలి. అలాంటి కోడలిని తీసుకొచ్చిన అత్తగారితో "ఇదంతా మూఢనమ్మకం" అని మొదలుపెడితే ఆ కుటుంబం మళ్లీ రాదు. "అమ్మవారికి చెయ్యాల్సింది మీరు చెయ్యండి, నిద్రకు మేం మందిస్తాం" అంటే ఉంటారు. కాన్పయి మూడు వారాలైన తల్లిలో ఈ మార్పు కనిపిస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు.

మాట్లాడటం గురించి పుస్తకాలున్నాయి. హిల్డెగార్డ్ పెప్లౌ అనే అమెరికా నర్సు 1952లోనే నర్సుకూ రోగికీ మధ్య నడిచే సంబంధమే వైద్యంలో సగమన్నట్టు ఒక పుస్తకం రాసింది. మా వార్డులో దాన్ని మేం ఉడికించిన కోడిగుడ్లతో నేర్చుకున్నాం. అన్నంలో విషం కలిపారని నమ్మే మనిషితో "లేదు" అని వాదిస్తే మనమూ ఆ కుట్రలో భాగమైపోతాం. "అవును" అంటే అబద్ధం. "అలా అనిపిస్తుంటే తినాలంటే భయమే కదా పెద్దాయనా" అని, పెంకు తియ్యని గుడ్డు, తొక్క వొలవని అరటిపండు, సీలు తియ్యని నీళ్ల సీసా ముందు పెడతాం. తానే వొలుచుకుని తింటాడు. నమ్మకం తర్వాత సంగతి, ముందు కడుపులో ఏదో పడుతుంది.

ఎదురు తిరిగినవాళ్ల దగ్గరా అంతే. ఒక్కరే మాట్లాడాలి, చేతులు కనబడేలా ఉండాలి, తలుపుకు అడ్డం నిలబడకూడదు. మాత్ర కావాలో ఇంజెక్షన్ కావాలో అతన్నే ఎంచుకోమనాలి. కట్టెయ్యడం ఆఖరి మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 నుంచి అమల్లోకొచ్చింది. తక్షణ ప్రమాదం ఆపడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే కట్టాలని అంటుంది. శిక్షగా కట్టకూడదు. ఎందుకు, ఎంతసేపన్నది రాసిపెట్టాలి. ఒంటరి గదిలో బంధించడం పూర్తిగా నిషేధం, గొలుసులూ నిషేధం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో పోయారు. ఆ చట్టం చదివిన ప్రతిసారీ నాకు ఏర్వాడి గుర్తొస్తుంది. అయితే చట్టం రాసినవాళ్లు ఒక్క విషయం చూడలేదనిపిస్తుంది. నలభై మంచాలకు రాత్రి ఇద్దరు నర్సులుంటే, ఎంత చదువుకున్నా తాడు వైపు చెయ్యి వెళుతుంది. వైద్యం కావాల్సినవాళ్లు మాత్రం తక్కువేం కాదు: 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు.

ఆత్మహత్య గురించి అడిగితే ఆ ఆలోచన మనమే పెట్టినట్లవుతుందని చదువుకున్నవాళ్లు కూడా అంటారు. కాదు. సూటిగా అడిగితే బరువు దిగుతుంది. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒకాయన వారాలపాటు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒక పొద్దున గడ్డం గీసుకుని, నవ్వుతూ, చేతిగడియారం తీసి వార్డుబాయ్‌కి ఇచ్చేశాడు. అందరూ తేరుకున్నాడని సంతోషించారు. కుంగిపోయిన మనిషికి మందుతో మొదట ఓపిక వస్తుంది, ఆశ తర్వాత వస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న రోజులే గండం. పక్కన కూర్చుని "బాబాయ్, చచ్చిపోదామని ఏమైనా అనుకుంటున్నారా?" అని అడిగాను. చాలాసేపు కిటికీవైపు చూసి తల ఊపాడు. ఆ రోజు నుంచి ఆయన మంచం మా టేబులు ఎదురుగా వేయించాం. డాక్టరుగారు మందులు మార్చారు, కూతుర్ని పిలిపించారు.

సికింద్రాబాద్ సింధీ కాలనీలో రోష్నీ అనే సంస్థ 1997 నుంచి ఇలాంటివాళ్ల మాటలు ఫోన్లో వింటోంది. 2022 అక్టోబర్ నుంచి టెలిమానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా, తెలుగులోనూ మాట్లాడతారు. పోలీసు కేసవుతుందని దాచిపెట్టే కుటుంబాలకు ఒక మాట: ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2017 చట్టమే చెప్పింది. పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షన్ 2024లో అమల్లోకొచ్చిన కొత్త చట్టంలో ఆ రూపంలో లేదు.

ఓపీకి వచ్చే ఇంటివాళ్లను నేను ఎప్పుడూ కోరేది చాలా చిన్నది. "మంచిగనే ఉన్నడు" అనే మాటతో మాకు పని జరగదు. నిన్న ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నింటికి లేచాడు, ఆఖరిసారి స్నానం ఎప్పుడు, మలబద్ధకం ఉందా? ఆఖరిది సిగ్గుపడి దాచకండి. క్లోజపిన్ వాడేవాళ్లకు మలబద్ధకం పేగులు ఆగిపోయేదాకా తీసుకెళ్తుంది. ఆ మందు మీద ఉండగా గొంతునొప్పి, జ్వరం వచ్చినా అదే రోజు తెల్లకణాల పరీక్ష చేయించాలి. చీటీ పోతే పోయింది. మందుల అట్టలు తెండి, ఖాళీవైనా ఫరవాలేదు. షుగరువి, బీపీవి, మోకాళ్లవి, ఆయుర్వేదంవి, పక్కింటావిడ ఇచ్చినవి, అన్నీ ఒకే సంచిలో వేసుకుని రండి.